పదును ఎవరిది?

తెలుగులో ‘పదును’ అనే మాటకు మూడు చోట్ల మూడు అర్థాలున్నాయి. కత్తి అంచుకు వుండేది పదును. వాన వెలిసిన తరువాత, తడి ఆరీ ఆరకుండా, నాగలికీ విత్తనానికీ అనుకూలంగా నేల వుండే స్థితి పదును. పచ్చి తోలును సున్నంలోనూ తంగేడు చెక్కలోనూ నానబెట్టి, కుళ్ళకుండా, మెత్తగా, చెప్పుకూ కొలిమితిత్తికీ పనికివచ్చేట్టు చెయ్యటాన్ని తోలు పదును చెయ్యటం అంటారు. కమ్మరి పనీ, రైతు పనీ, మాదిగ పనీ ఒకే మాటలో కలిశాయి. వ్యుత్పత్తి సంగతి నిఘంటుకారులకు వదిలేద్దాం. వాడుకను బట్టి చూస్తే మాత్రం పదును అనేది వస్తువుకు పుట్టుకతో అబ్బిన గుణం కాదు. శ్రమవల్ల వచ్చి, వాడకంవల్లా కాలంవల్లా పోయి, మళ్ళీ శ్రమచేసి తెచ్చుకోవలసిన స్థితి అది. నేల పదును వానవల్ల వస్తుంది గదా, అందులో శ్రమ ఎక్కడిదని ఎవరైనా అడిగితే, దున్ని వుంచిన చేనులో అది ఎన్నాళ్ళు నిలుస్తుందో, బీడులో ఎన్నాళ్ళు నిలుస్తుందో ఏ రైతునైనా అడగమంటాను.

వంటింటి కత్తిని ఇంట్లోనే రాయిమీద నూరుకోవటం గురించి యీ పత్రికలో వ్యాసం ఏమిటని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. శ్రమను గురించి మనం చాలా రాశాం. పనిముట్టు మనిషిని మనిషిని చేసిన క్రమాన్ని గురించి విద్యార్థులకు పాఠాలు చెప్పాం. అయితే మన రాతల్లో పనిముట్టు ఎప్పుడూ సిద్ధంగానే వుంటుంది. మన జెండాల మీదా ఎన్నికల గుర్తుల్లోనూ కొడవలి వుంది, సుత్తి వుంది, కంకి వుంది, నక్షత్రం వుంది. సానరాయి లేదు. కోత మొదలయిన రోజు మధ్యాహ్నానికే కొడవలి ఎట్లా మొరాయిస్తుందో వరిమడిలో వంగినవాళ్ళకు తెలుసు గాని, గోడమీద బొమ్మ గీసేవాడికి తెలియనవసరం లేకపోయింది. నేను అడగదలచింది యిది: పోయిన పదును మళ్ళీ తెచ్చే శ్రమ ఎవరు చేస్తున్నారు? అది లోపించినప్పుడు కలిగే నష్టాన్ని ఎవరు భరిస్తున్నారు? వాడేవాడికీ నూరేవాడికీ మధ్య వుండవలసిన బాధ్యత ఎటువంటిది?

ముందు రాయిమీద జరిగేదేమిటో చూడాలి. పని తెలియకుండా నీతి చెప్పటం మన దేశంలో చాలా పాత జబ్బు. కత్తి అంచు అంటే రెండు వాలు తలాలు కలిసే గీత. ఆ గీత ఎంత సన్నగా వుంటే చేతి బలం అంత ఇరుకు చోట కేంద్రీకరించి, కూరగాయ తొక్కను తేలికగా తెగేట్టు చేస్తుంది. మొద్దుబారటమంటే ఆ గీత గుండ్రబడటం, ఒక పక్కకు ఒరగటం, అక్కడక్కడ పెచ్చు లేవటం. రాయిని తడిపి, కత్తి వెన్నును కొంచెం పైకెత్తి, 15 నుంచి 20 డిగ్రీల వాలులో పిడి దగ్గరనుంచి మొన దాకా రాయాలి. మొదటినుంచి చివరివరకూ ఆ వాలు చెదరకుండా నిలపటంలోనే విద్య అంతా వుంది. కొంతసేపయ్యేసరికి రాతికి తగలని రెండోవైపున, అంచు పొడవునా, వేలికి గరుకుగా ఒక సన్నని రేకు తగులుతుంది. ఇటువైపు పని అంచుదాకా చేరిందనటానికి అదే గుర్తు. అప్పుడు కత్తి తిప్పి రెండోవైపు అంతే ఓపికగా రాసి, ఆ తరువాత మరింత నున్నని రాయిమీద తేలికచేత్తో నూరి ఆ రేకును పోగొట్టాలి. చివరికి తోలుమీద, అంచుకు ఎదురు వెళ్ళకుండా వెన్నువైపుకు, ఇటొకసారి అటొకసారి లాగితే – మంగలి తోలుపట్టీమీద కత్తిని లాగటం చూసే వుంటారు – అంచు కుదురుకుంటుంది. రేకును అట్లాగే వదిలేసిన కత్తి ఆ పూట భేషుగ్గా తెగుతుంది. మర్నాటికి రేకు విరిగి, నూరకముందుకన్న అధ్వాన్నంగా తయారవుతుంది. తొందరపాటు విమర్శకులకు యీ రేకు సంగతి తెలిస్తే బాగుండును.

కత్తిపీట విషయం వేరు. అందులో కత్తి కదలదు, కూరగాయే కత్తి దగ్గరికి వస్తుంది. నూరేటప్పుడు కూడా కత్తిని రాయిదగ్గరికి తీసుకుపోవటం కుదరదు. పీటను కాలితో అదిమిపట్టి, అరచేతిలో ఇమిడే రాయితో అంచు వంపు వెంబడి నడవాలి. పల్లెల్లో కమ్మరి చేసిచ్చిన పాత కత్తిపీటల ఇనుము మెత్తన. తొందరగా పదునెక్కుతుంది, తొందరగా పోతుంది. బజారులో కొనే తుప్పుపట్టని ఉక్కు కత్తి దీనికి భిన్నం. నాసిరకం రాయి దానిమీద జారుతుందే తప్ప కొరకదు.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. నూరటంలో కత్తికి మనం చేర్చేది ఏమీ లేదు, తీసివేసేదే వుంది. నూరినప్పుడల్లా కత్తి ఇంత తరుగుతుంది, రాయి ఇంత తరుగుతుంది. రాయి నడుమ గుంటపడితే మరో రాయితో రుద్ది చదును చేసుకోవాలి, అప్పుడూ తరుగే. తరతరాలు వాడిన కత్తిపీటను చూడండి. అరచేయంత వెడల్పున్న రేకు అరిగి అరిగి నెలవంకలా మిగులుతుంది. ఆ తరిగిన ఇనుమంతా శ్రమ చేసిన గుర్తు. అయితే శ్రమకు గుర్తుగా కొత్త వస్తువును చూపించమనే లోకంలో, తరుగును ఎవరు లెక్కపెడతారు? కుండ చేసినవాడు కుండను చూపిస్తాడు, బట్ట నేసినవాడు బట్టను చూపిస్తాడు. కత్తి నూరిన మనిషి చూపించటానికి నిన్నటి కత్తే వుంది.

మన భాషలోని అలవాట్లు కూడా యీ శ్రమకు అన్యాయమే చేశాయి. ‘కత్తులు నూరుకుంటున్నారు’ అంటే పగపట్టి వున్నారని అర్థం. ఇళ్ళల్లో రోజూ నూరే కత్తుల్లో నూటికి తొంభైతొమ్మిది వంకాయకూ ఉల్లిగడ్డకూ నూరేవే గాని, భాషకు పగవాడి కత్తే కనిపించింది. పైపెచ్చు, పదును హింసకూ మొద్దుతనం సాధుత్వానికీ గుర్తులని ఒక భ్రమ వ్యాపించింది. వంటపని చేసేవాళ్ళు దీన్ని ఒప్పుకోరు. పదునున్న కత్తి వెళ్ళమన్న చోటికి వెళుతుంది. మొద్దు కత్తికి బలం కావాలి. బలం పెట్టిన చెయ్యి అదుపు తప్పుతుంది. టమాటా తొక్కమీద జారిన అంచు వేలిమీద ఆగుతుంది. గాయం చేసేది ఎక్కువగా మొద్దు కత్తే. ‘ఆడలేక మద్దెల ఓడు’ అనే సామెతను కూడా ఒకసారి తిరగేసి చూడాలి. పనిముట్టు బాగా లేదన్నవాడు పనిచేతకానివాడని ఆ సామెత ముందే తీర్పు చెప్పేస్తుంది. మద్దెల నిజంగానే ఓటిదైతే? ఆ సామెత ఆడేవాళ్ళు పుట్టించింది కాదు, కూచుని చూసేవాళ్ళు పుట్టించిందని నాకు గట్టి అనుమానం.

తత్త్వశాస్త్రం దగ్గరికి వెళితే అక్కడ కత్తులకు కొదవలేదు. ప్రాచీన చైనా తాత్త్వికుడు చువాంగ్ జు గ్రంథం మూడో అధ్యాయంలో ఒక కసాయి కథ వుంది. వెన్‌హుయి అనే ప్రభువు ముందు అతను ఎద్దును కోస్తాడు. కత్తి ఆటలాగా, సంగీతంలాగా కదులుతుంది. సామాన్యుడు నెలకొక కత్తి మారుస్తాడు, ఎందుకంటే నరుకుతాడు. నేర్పరి ఏడాదికొకటి మారుస్తాడు, ఎందుకంటే కోస్తాడు. తాను మాత్రం 19 ఏళ్ళుగా వేలాది ఎద్దులను కోసినా తన కత్తి యిప్పుడే రాయిమీదనుంచి తీసినట్టు వుందని చెబుతాడు. ఎముకల నడుమ సందులున్నాయి, అంచుకు మందం లేదు, సందు తెలిసి నడిపితే అడ్డేముంది అంటాడు. జీవితాన్ని ఎట్లా పోషించుకోవాలో నేర్చుకున్నానని ప్రభువు సంతోషిస్తాడు.

కథ గొప్పదే. పదును పోవటానికి సగం కారణం తప్పుగా వాడటమనేది నిజం. రాతిబండ మీదా స్టీలు పళ్ళెంలోనూ ముక్కలు కోసేవాళ్ళ కత్తి రెండు రోజులు కూడా నిలవదు. అయితే ఎద్దు కీళ్ళలో వున్న సందులు గుమ్మడికాయలో లేవు. ఆవకాయకు మామిడికాయను టెంకతో సహా ముక్కలు కొట్టాలి. ఆ టెంకకు సందు చూపించగల జ్ఞాని ఎవరూ యింతవరకూ పుట్టలేదు. లోకంలో ఎక్కువ పని సందులు లేని చోటనే జరుగుతుంది. మరొకటి – ఆ కథలో కత్తులు మారటమే తప్ప నూరటం లేదు. రాయి ప్రస్తావన కేవలం పోలికగా వచ్చి పోతుంది. నెలకొకటి, ఏడాదికొకటి మారే కత్తులు ప్రభువు వంటశాలకు ఏ కొలిమినుంచి వచ్చాయో, మార్చిన కత్తులు ఎవరి చేతికి పోయాయో అడిగే పాత్ర ఆ కథలో లేదు. జ్ఞానికి పనిముట్టు అరగదనే కల పాలకుడికి ఎందుకు ముద్దొస్తుందో ఊహించటం కష్టం కాదు. శ్రమ అరగదన్న మాటే అతనికి అందులో వినిపించి వుంటుంది.

గ్రీకు దేశపు అరిస్టాటిల్ ‘రాజనీతి’ మొదటి భాగంలోనే కత్తిని తెచ్చాడు. డెల్ఫీలో కంసాలులు పిసినారితనంతో ఒకే కత్తిని పలు పనులకు పనికివచ్చేట్టు చేస్తారట. ప్రకృతి అట్లా చెయ్యదు, ఒక్కొక్క పనికి ఒక్కొక్క సాధనాన్ని సృష్టిస్తుందట. కాబట్టి స్త్రీ వేరు, బానిస వేరు! వంటింటి కత్తినుంచి మనుషుల హెచ్చుతగ్గులకు యింత సులువుగా దారి వేసిన మరో వాక్యం నాకు తెలియదు. ఆ వెంటనే బానిస ప్రాణమున్న పనిముట్టు అంటాడు. మగ్గంలో నాడె తనంతట తాను నడిస్తే యజమానికి బానిసలు అక్కరలేదని కూడా అంటాడు. యీ మాట చదివినప్పుడల్లా నాకు మా కొడకండ్ల గుర్తుకు వస్తుంది. ఇది నేతగాళ్ళ వూరు. నాడె తనంతట తాను నడిచే కాలం వచ్చింది. దానితో చేతిమగ్గం కూలి పడిపోయి, యీ ప్రాంతపు పద్మశాలీలు భీవండికీ సూరతుకూ షోలాపూరుకూ వలసపోయి, తనంతట తాను నడిచే నాడెకు కాపలా కాశారు. మార్క్స్ ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో అరిస్టాటిల్ కలను ఎత్తి చూపి, యంత్రం పనిదినాన్ని పొడిగించే సాధనం అవుతుందని ఆ పాతకాలపువాళ్ళకు తెలియలేదని వెటకారం చేసింది యిందుకే.

అదే మార్క్స్ రెండో సంపుటంలో (ఇది ఆయన మరణం తరువాత 1885లో ఎంగెల్స్ సంపాదకత్వంలో వెలువడింది) స్థిర పెట్టుబడి మరమ్మతులను గురించి రాసిన పేజీలను మనవాళ్ళు తక్కువగా చదువుతారు. అక్కడ మన సమస్యకు చాలా దగ్గరి విషయం వుంది. యంత్రాలను శుభ్రం చేసే పనిని కార్మికులు తమ విరామ సమయంలో ఉచితంగా చేస్తారనీ, తరచు యంత్రం నడుస్తూ వుండగానే చెయ్యవలసిరావటంవల్ల ప్రమాదాలకు అది ఒక ముఖ్య కారణమనీ, ఆ శ్రమ సరుకు ధరలో లెక్కకు రాదనీ ఆయన అంటాడు. అంటే ఫ్యాక్టరీలో కూడా పనిముట్టును పనికి సిద్ధంగా వుంచే శ్రమ లెక్కల సందుల్లోనుంచి జారిపోతున్నది. లెక్కే లేని వంటింట్లో దాని గతి ఏమిటి?

మా జనగామ ప్రాంతపు చరిత్ర దీనికి జవాబు చెబుతుంది. నిజాం కాలంలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో వుండేది. కొడకండ్లకు ఇరుగుపొరుగు వూళ్ళయిన విసునూరు, పాలకుర్తి, కడవెండి పేర్లు 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తరువాత దేశానికి తెలిశాయి. అప్పటి వెట్టిని గురించి పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన పోరాట చరిత్రలో కులాలవారీగా వివరం వుంది. కమ్మరీ వడ్రంగీ దొరకు వ్యవసాయ పనిముట్లు ఉచితంగా చేసిపెట్టాలి, బాగుచేసిపెట్టాలి. రైతుతో కమ్మరి సంబంధం వేరు. ఏడాది పొడవునా కర్రు కాల్చి సాగగొట్టినందుకూ, కొడవలికి కక్కు కొట్టినందుకూ, గొడ్డలికి పదును పెట్టినందుకూ పంటనాడు కల్లంలో మేర పుచ్చుకునేవాడు. ఆయగాండ్ల ఏర్పాటును ఆదర్శంగా చూపేవాళ్ళతో నేను ఏకీభవించను. అందులో కులం సంకెల వుంది, పేదరైతు మేర ఎగ్గొట్టక తప్పని కరువు సంవత్సరాలున్నాయి. అయినా అది ఒక లెక్క. పదునుకు వెల వుందని ఒప్పుకున్న లెక్క.

ఆ లెక్కలో కత్తిపీట లేదు. మా వూళ్ళో కొలిమి పని మానేసిన ఒక ముసలి కమ్మరిని దీన్ని గురించి అడిగాను. “మేర రైతు కొడవలికి, సారూ. ఆడోళ్ళ కత్తిపీట లెక్కల రాదు. తెస్తే ఊకెనే నూరిచ్చేటోన్ని” అన్నాడు. అమ్మను అడిగితే ఇదే సంగతి మరోవైపునుంచి చెప్పింది. “మీ నాయిన కొడవలి, గొడ్డలి కమ్మరింటికి పోయేటియి. కత్తిపీటను ఎవరు దీస్కపోతరు? బాయికాడి బండకు రాస్కునేదాన్ని.” ఇద్దరి మాటలనూ పక్కపక్కన పెట్టి చూడండి. పొలంలో వాడే పదును ఆదాయం తెస్తుంది కాబట్టి దానికి గింజలు కొలిచారు. వంటింట్లో వాడే పదును అన్నం పెడుతుంది గాని ఆదాయం తేదు. కాబట్టి కమ్మరి చేసినా అది దయ, ఆడమనిషి చేసుకున్నా అది పనికిందికి రాదు. కూలి లేని రెండు శ్రమలు అక్కడ ఎదురెదురుగా నిలబడ్డాయి. దయ మంచిదే, కాని దయగల కమ్మరికి కూడా బొగ్గు ఊరికే రాదు. ఇక అది కూడా దొరకని ఇంట్లో మొద్దు కత్తి ఖరీదు ఆమె మణికట్టూ బొటనవేలూ చెల్లించాయి. చెల్లించిన ధర కనబడకపోవటంవల్ల ధరే లేదనుకున్నారు.

తెలంగాణ పోరాటంలో రోకళ్ళూ కారప్పొడీ పట్టుకుని స్త్రీలు రజాకార్లనూ పోలీసులనూ ఎదిరించిన ఘటనలను మనం గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. అయితే వంటింటి సామాను ఆయుధమైన నాడే మన దృష్టికి ఆనింది, పనిముట్టుగా వున్న మూడువందల అరవై రోజులూ ఆనలేదు. ఆ మాటకొస్తే మన సంప్రదాయానిదీ యిదే చూపు. దసరాకు ఆయుధపూజ అని కత్తిపీటకు కూడా పసుపు రాసి బొట్టు పెడతారు. బొట్టు పెడతారు గాని పదును పెట్టరు.

యీ వాదన విన్న మిత్రుడొకరు నన్ను ఆక్షేపించాడు. “ఇంట్లో కూచుని కత్తి నూరుకోవటం రాట్నం వడకటంలాంటి స్వావలంబన వ్యామోహం. శ్రమ విభజన చరిత్ర గమనంలో ముందడుగు. అందరూ ఇంట్లోనే నూరుకుంటే కమ్మరి ఏం తిని బతకాలి?” అన్నాడు. ఆక్షేపణలో పస వుంది. ఇంట్లో రాయి పెట్టుకోవటం తనంతట తాను గొప్ప నీతి అని నేనూ అనను. ఈమధ్య పట్నాల్లో జపాను రాళ్ళు తెప్పించి, గరుకు నెంబర్లు వల్లిస్తూ, వెంట్రుక తెగేదాకా నూరి, ఆ కత్తిని గూట్లో దాచుకునే వినోదం ఒకటి మొదలయింది. వినోదంగా దానికి నేను అడ్డురాను. కాని ఆ ఇంట్లో కూర తరిగే మనిషి చేతికి ఆ కత్తి రాకపోతే అది పదును కాదు, నగ.

కమ్మరి బతుకు సంగతి మాత్రం నా మిత్రుడు అనుకున్నంత తేలికది కాదు. కమ్మరి విద్య నూరటం కాదు. ఇనుమును ఉక్కు చెయ్యటం, కాకను కంటితో కనిపెట్టి నీటిలో ముంచి అంచుకు గట్టితనం తేవటం. ఉత్తర తెలంగాణలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవాళ్ళు. భారత త్రికోణమితి సర్వేలో వైద్యుడుగా, భూగర్భ శాస్త్రజ్ఞుడుగా పనిచేసిన హెన్రీ వోయ్సీ అక్కడి తయారీని స్వయంగా చూసి రాసిన వర్ణన 1832లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇంగ్లీషువాళ్ళు ‘వూట్జ్’ అని పిలిచిన యీ ఉక్కు మీద పియర్సన్ 1795లో రాయల్ సొసైటీ పత్రికలో పరిశోధన ప్రకటించాడు. కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడే, కత్తుల వ్యాపారి స్టోడార్ట్‌తో కలిసి 1819 నుంచి 1822 దాకా దీని రహస్యం వెతికాడు. వూట్జ్ అనే మాటకు మూలం కన్నడంలోనూ తెలుగులోనూ వున్న ‘ఉక్కు’ అనే మాటేనని చాలామంది పండితుల అభిప్రాయం. యింతటి విద్య అడుగంటింది ఆడవాళ్ళు బావిగట్టు బండకు కత్తి రాసుకోవటంవల్ల కాదు. విదేశీ ఫ్యాక్టరీ ఉక్కు వచ్చిపడటంవల్లా, బొగ్గు కాల్చుకునే అడవిమీద హక్కు పోవటంవల్లా, దేశీ సంస్థానాల ఆయుధాల గిరాకీ పడిపోవటంవల్లా. మన కళ్ళముందు కొలిమి ఆరిపోయింది ట్రాక్టరు వచ్చి నాగలి కర్రునూ, కోతమిషను వచ్చి కొడవలినీ తొలగించటంవల్ల. 2020 అక్టోబరు 31న ముఖ్యమంత్రి మా కొడకండ్లలో రైతువేదికను ప్రారంభించారు. రైతుకు వేదిక దొరకటం మంచిదే. ఆ రైతు కర్రును తరతరాలు కాల్చిన కొలిమివాడు ఆ వేదికమీద ఏ హోదాలో కూచోవాలో తేలలేదు. అతనికి కావలసింది మన వంటింటి కత్తి నూరే పది రూపాయలు కాదు. తన విద్యకు కొత్త పని.

నూరటాన్ని పూర్తిగా వృత్తిగా విడదీసి ఒకరికి అప్పగించిన చోట ఏం జరిగిందో కూడా నా మిత్రుడు చదివి వుండవలసింది. ఎంగెల్స్ 1845లో ప్రచురించిన ‘ఇంగ్లండులో కార్మికవర్గ స్థితి’లో షెఫీల్డు సానపట్టేవాళ్ళ మీద కొన్ని పేజీలున్నాయి. ప్రపంచానికి కత్తులూ ఫోర్కులూ అందించిన వూరు అది. పొడిరాతి మీద సానపట్టేవాళ్ళ సగటు ఆయుర్దాయం 35 ఏళ్ళకు మించటం అరుదనీ, తడిరాతి మీద పట్టేవాళ్ళది 45 దాటటం అరుదనీ అక్కడి వైద్యుడు నైట్ చెప్పిన మాటను ఆయన వుదహరించాడు. రాతిపొడీ ఇనుపరజనూ ఊపిరితిత్తుల్లోకి పోయి దగ్గుతో, ఆయాసంతో చచ్చిపోయేవాళ్ళు. తడికీ పొడికీ పదేళ్ళ ఆయుష్షు తేడా! ఇంట్లో రాయిమీద మనం చిలకరించే నీళ్ళు ఎందుకో యిప్పుడు అర్థమవుతుంది. అరిగిన పొడిని గాలిలోకి లేవనీయకుండా ముద్దచేసి పట్టుకునేది ఆ నీరే. దుమ్మును ఆపే సాధనాలు కనిపెడితే ఆ కార్మికులే కొన్నిచోట్ల వాటిని ధ్వంసం చేశారని కూడా ఎంగెల్స్ దాచకుండా రాశాడు. పని ప్రమాదం లేనిదయితే కొత్తవాళ్ళు వచ్చిపడి కూలి తగ్గుతుందని వాళ్ళ భయం. ఆయుష్షును కూలిరేటుకు తాకట్టు పెట్టవలసివచ్చిన మనుషుల తర్కం అది. దాన్ని చూసి మూర్ఖత్వం అని నవ్వినవాడు కూలి మార్కెట్టును అర్థం చేసుకోలేదన్నమాట.

మన వీధుల్లో సైకిలుకు సాన చక్రం బిగించుకుని, తొక్కుతూ, నిప్పురవ్వలు రాలుతూ వుండగా కత్తులు పట్టే మనిషిని చూడండి. పిల్లలు ఆ రవ్వలను వేడుకగా చూస్తారు. ఆ రవ్వలు రెండు సంగతులు చెబుతున్నాయి. అంచు వేడెక్కి, కొలిమివాడు తెచ్చిన గట్టితనం దిగిపోతున్నదని ఒకటి. తడి లేని చక్రం ముందు ఆ మనిషి ముఖానికి గుడ్డ కూడా లేదని రెండోది. అతని దగ్గర కత్తి పట్టించుకోవద్దని అంటే అతని పూట గడవదు. పట్టించుకుంటూ వుంటే అతని ఊపిరి గడవదు. ఇటువంటి చోట వినియోగదారుడి వ్యక్తిగత నీతి చాలా చిన్నది. తడి చక్రమూ, ముఖానికి కప్పూ, కూలికి భరోసా అతనికి దక్కాలంటే వీధికొక సంఘం కావాలిగాని, ఇంటికొక మంచి మనసు చాలదు.

అయినా ఇంట్లో రాయి వుండాలనే నేను అంటాను. కారణం పొదుపు కాదు. మొద్దుబారిన క్షణం వాడే చేతికే ముందు తెలుస్తుంది. సరిచేసే సాధనం ఆ చేతికి అందేంత దూరంలో లేకపోతే, ఆ తెలివి ఓపికగానూ అలవాటుగానూ మారిపోతుంది. భరించటం నేర్చుకున్న చేతిని చూసి మనం ‘పనిమంతురాలు’ అని మెచ్చుకుంటాం. అందుబాటు ఒక్కటే చాలదు. రాయి ఆమె చేతికిచ్చి, ఇదీ నీ పనే అంటే పదును వచ్చిందేమోగాని న్యాయం రాలేదు; వంట, తరుగు, గిన్నెలు, దానిమీద మరో చాకిరీ చేరింది. తినేవాళ్ళు నూరాలి. వంటింట్లో అడుగుపెట్టని అభ్యుదయవాదికి యిది మంచి ప్రవేశద్వారం కూడా: నేర్చుకోవటానికి రెండు ఆదివారాలు పడుతుంది, తప్పుగా చేస్తే ఆ సాయంత్రమే కూర చెబుతుంది, ఉపన్యాసంతో కప్పిపుచ్చటానికి వీల్లేదు. నూరిన తరువాత చూపించటానికి ఏమీ వుండదు కాబట్టి పొగడ్త కూడా దొరకదు. మన సంఘాల్లో పొగడ్త దొరకని పనికి ఎంతమంది నిలుస్తారో చూడాలని నాకు కుతూహలం.

ఇల్లు దాటి మరొక వంటపాక వుంది. దాన్ని యీ పత్రిక చదివే ఉపాధ్యాయులు రోజూ చూస్తారు. మధ్యాహ్న భోజన పథకంలో 25 మంది పిల్లలదాకా ఒక వంటమనిషి, 100 మందిదాకా ఇద్దరు, ఆపైన ప్రతి వందకూ మరొకరు అని నిబంధన. అంటే 200 మంది పిల్లల కూరగాయలు ముగ్గురు ఆడవాళ్ళు తరగాలి, అది కూడా ప్రార్థన గంటకూ భోజనం గంటకూ మధ్య. 2009 డిసెంబరునుంచి కేంద్రం వాళ్ళకు ఏడాదికి 10 నెలలపాటు నెలకు 1000 రూపాయల లెక్కన నిర్ణయించింది. రాష్ట్రాలు తమకు తోచింది కలుపుతాయి. దాని పేరు జీతం కాదు, గౌరవ వేతనం. పథకంలో వంట పాత్రలకూ పరికరాలకూ పద్దు వుంది. పదునుకు లేదు.

నేనెరిగిన ఒక బడిలో వంట చేసే ఆమెను కత్తిపీట ఎవరిదని అడిగాను. “మా ఇంటిదే సారూ. బడిది మొండిగున్నది, దానితోని కోస్తే పిల్లలకు బెల్లు కొట్టేదాంక కూర గాదు” అంది. పొద్దున్నే పీటను చంకన పెట్టుకుని వస్తుంది, సాయంత్రం తీసుకుపోతుంది. ఆ రాత్రి ఇంటి కూరకూ అదే పీట. రెండు కాపరాల తరుగు ఒకే ఇనుముమీద పడుతున్నది. ఉపాధ్యాయులు కొందరు కలిసి చందా వేసుకుని రెండు వైపులా వాడే ఒక సానరాయి కొన్నారు; ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు. శనివారం ఒక గంట, వంతులవారీగా, బడి కత్తిపీటలు వాళ్ళే నూరటం మొదలుపెట్టారు. మొదటివారం ఆమె నవ్వింది. రెండోవారం ఒక పీటను వెనక్కు తెచ్చి, “ఇటు దిక్కు ఇంక గరుకున్నది” అని వేలితో చూపించింది. రేకు పోలేదు. అతను మళ్ళీ కూచుని నూరాడు. రాయిని సామాను రిజిస్టరులో ఏ పద్దుకింద ఎక్కించాలో ప్రధానోపాధ్యాయుడికి యింకా తోచలేదు. అది ప్రస్తుతం వంటపాక గుమ్మం పక్కన, నీళ్ళ తొట్టిమీద వుంది.